పగటి కీమో సరే.. రాత్రి కడుపు నొప్పికి దిక్కెవరు?

మూడేళ్లలో ప్రతి జిల్లా ఆస్పత్రికీ ఒక క్యాన్సర్ డే కేర్ కేంద్రం వచ్చేలా చూస్తామని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. 2025-26లోనే 200 కేంద్రాలు పెడతామన్నారు. కర్ణాటక ప్రభుత్వం అదే ఏడాది 16 జిల్లాల్లో పగటి పూట కీమో ఇచ్చే కేంద్రాలు తెరిచింది. ఒడిశాలోనైతే జిల్లా కేంద్ర ఆస్పత్రుల్లో ఉచిత కీమో అంతకు చాలా ముందే మొదలైంది. సంతోషించాల్సిన సంగతే. బళ్లారి నుంచి బెంగళూరుకు 300 కి.మీ. పైమాటే. రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి కిద్వాయ్ ఆస్పత్రి గేటు ముందు దిగి, మందు ఎక్కించుకుని, మళ్లీ రాత్రి బస్సుకే వాంతులతో తిరిగొచ్చే అవస్థ కొందరికైనా తప్పుతుంది.

అయితే మందు ఎక్కించడం పగటి పని. ఆ మందు చేసే చెరుపు అలా కాదు. వారం, పది రోజులు పోయాక ఇంట్లో ఉన్నప్పుడు బయటపడుతుంది. పగలో రాత్రో చెప్పి రాదు. ముఖ్యంగా అక్యూట్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నవారికి ఆ చెరుపు చాలాసార్లు కడుపు నొప్పి రూపంలో వస్తుంది. సాయంత్రం అయిదింటికి తాళం పడే కేంద్రానికి ఈ నొప్పితో సంబంధం ఉందా, లేదా? సరిహద్దు జిల్లాల్లోని మనవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఎందుకు కడుపులోనే?

అక్యూట్ ల్యుకేమియాలో ఎముక మజ్జ పనికిరాని తెల్లకణాలతో నిండిపోతుంది. కాపలా కాయాల్సిన మంచి కణాలు తగ్గిపోతాయి. కీమో పడ్డాక చెడ్డవాటితోపాటు ఆ మిగిలిన కొద్దిపాటి కాపలా కూడా పోతుంది. సూక్ష్మజీవుల్ని మొదట ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్ కణాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఒక్కో మైక్రోలీటరుకు ఇవి రెండు వేలకు అటూ ఇటూ నుంచి ఏడు వేల దాకా ఉంటాయి. 500 కన్నా తగ్గితే ప్రమాదం. గట్టి కీమో తర్వాత కొన్ని రోజులు దాదాపు సున్నాకు చేరతాయి. ‘కౌంట్ పడిపోయింది’ అని ఆస్పత్రుల్లో అనేది దీన్నే.

కీమో మందు వేగంగా పెరిగే కణాలనే ఎక్కువ దెబ్బతీస్తుంది. జుట్టు రాలేది, నోట్లో పుండ్లు పడేది అందుకే. పేగు లోపలి పొర కూడా కొన్ని రోజులకోసారి కొత్తగా పుట్టేదే. అది చిరిగితే పేగులో మామూలుగా బతికే సూక్ష్మజీవులు గోడలోకి, అక్కణ్నుంచి రక్తంలోకి చొరబడతాయి. అడ్డుకోవడానికి కాపలా లేదు. పెద్దపేగు మొదలయ్యే సంచిలాంటి భాగం కుడివైపు పొత్తికడుపులో ఉంటుంది. దెబ్బ ఎక్కువగా పడేది అక్కడే. గోడ వాచి మందమవుతుంది, కొందరికి కుళ్లి చిల్లు పడుతుంది. వైద్యులు దీన్ని టిఫ్లైటిస్ అనీ, న్యూట్రోపెనిక్ ఎంటెరోకొలైటిస్ అనీ అంటారు. పేరు నోరు తిరగకపోయినా లక్షణాలు గుర్తుంచుకోవడం తేలికే. జ్వరం, కుడివైపు కింద నొప్పి, విరేచనాలు, ఒక్కోసారి వాటిలో రక్తం. కీమో మొదలైన రెండో వారం ఎక్కువమందికి గండం.

అపెండిక్స్ కూడా ఆ సంచికి వేలాడే తోకే కాబట్టి రెండు నొప్పులూ ఒకేచోట వస్తాయి. రోగి సంగతి తెలియని సర్జను అపెండిసైటిస్ అనుకుని కత్తి పట్టుకునే ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్లు పది, ఇరవై వేలకు పడిపోయి, న్యూట్రోఫిల్స్ అడుగంటిన మనిషికి కోత పెడితే రక్తం ఆగదు, గాయం మానదు. అందుకే ముందు ఆహారం ఆపి పేగుకు విశ్రాంతి ఇస్తారు. సెలైన్, గట్టి యాంటీబయాటిక్స్, అవసరమైతే రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. చిల్లు పడినా, రక్తస్రావం ఆగకపోయినా, ఎంత చేసినా మనిషి దిగజారుతున్నా అప్పుడు ఆపరేషన్ తప్పదు.

నొప్పి చిన్నది, లోపల పెద్దది

ఈ జబ్బులో మోసం ఇక్కడే ఉంది. మామూలు మనిషికి పేగు చిల్లుపడితే కడుపు చెక్కలా బిగుస్తుంది, చేయి వేయనివ్వడు. వాపు, చీము, ఆ బిగువు.. ఇవన్నీ చాలావరకు తెల్లకణాలు పోరాడితే వచ్చేవి. పోరాడేవాళ్లే లేనప్పుడు కడుపు మెత్తగానే ఉంటుంది. పైగా లింఫోబ్లాస్టిక్ రకానికి ఇచ్చే చికిత్సలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు భాగం. అవి నొప్పినీ, జ్వరాన్నీ కూడా కప్పేస్తాయి. ‘జ్వరం లేదు కదా, కడుపు మెత్తగా ఉంది కదా, గ్యాస్ అయ్యుంటుందిలే’ అనే మాట వేరేవాళ్లకు చెల్లుతుంది. కీమో పడిన ల్యుకేమియా రోగికి చెల్లదు.

ఊళ్లో జరిగేదేంటో మనకు తెలియంది కాదు. ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఒక డైక్లోఫెనాక్ సూది, ఒక డెక్సా సూది, గ్యాస్ మాత్ర, విరేచనాలు ఆగే మాత్ర. గంటలో నొప్పి తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్ల పనిని ఇంకా చెడగొడుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు వేసే ఏ సూదైనా లోపల రక్తం గడ్డకట్టేలా చేయొచ్చు. డెక్సా సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. విరేచనాలు బిగబట్టే మాత్ర వాచిన పేగును ఇంకా ఇబ్బంది పెడుతుంది. మలబద్ధకమని ఎనిమా ఇవ్వడం, మలద్వారంలో మాత్ర పెట్టడం మరీ ప్రమాదం. అక్కడి పొర చిట్లితే సూక్ష్మజీవులకు దారి తీసినట్లే. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనొక్కడే. ఆయనకు ఈ సంగతి చెప్పినవారెవరన్నదే ప్రశ్న.

కడుపు నొప్పి అంతా టిఫ్లైటిసే అనుకోవడమూ సరికాదు. ఆస్పరాజినేజ్ అనే మందు పడినవారికి క్లోమం వాచి, బొడ్డు పైన మొదలైన నొప్పి వీపులోకి పోతుంది. విన్‌క్రిస్టిన్ మందు పేగు నరాలను మందగింపజేస్తుంది. కడుపు ఉబ్బి, గాలి కూడా పోదు. ఈ మందు వాడుతున్నవారికి వోరికొనజోల్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు తోడైతే ఆ ఇబ్బంది పెరుగుతుంది. తోలు దురదకని మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ అడిగి కొనుక్కునే అలవాటు మనవైపు ఉంది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. నల్లటి తారులాంటి విరేచనం అయితే లోపల రక్తం పోతోందని అర్థం.

స్కానింగ్ యంత్రం ఉంది.. మనిషి కావాలి

ఇటలీ వైద్యులు 2001లో ఒక పరిశీలన ప్రచురించారు. చికిత్స పొందిన 1,450 మంది ల్యుకేమియా రోగుల్లో 88 మందికి ఈ పేగు జబ్బు వచ్చింది. వాళ్ల పేగు గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. పది మిల్లీమీటర్లు దాటినవారిలో 60 శాతం మంది చనిపోయారు. అంతకన్నా తక్కువ ఉన్నవారిలో మరణాలు 4.2 శాతమే. గోడ మందం పెరిగే కొద్దీ ప్రాణం మీదికి వస్తుందన్నమాట. అక్కడ కొలిచింది అల్ట్రాసౌండ్‌తో. కోట్ల రూపాయల యంత్రం కాదు, గర్భిణులకు చూసే స్కానింగే. జిల్లా ఆస్పత్రిలో అది ఉంటుంది, చాలా తాలూకా ఆస్పత్రుల్లోనూ ఉంటుంది. రాత్రి పూట దాన్ని చూసే మనిషి ఉంటాడా అన్నదే సమస్య. చిల్లు పడిందో లేదో తేల్చాలంటే సీటీ మెరుగు, కాదనం. కానీ నాలుగు మిల్లీమీటర్లు దాటిన గోడను పట్టుకోవడానికి, దారిలోనే పెద్దాస్పత్రికి ఫోన్ చేయడానికి మామూలు స్కానింగ్ చాలు.

యంత్రం కన్నా ముందు కావాల్సింది మొదటి డోసు. కౌంట్ పడిన రోగికి జ్వరం వస్తే, వచ్చిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. పిపరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ లాంటివి ఇందుకు వాడతారు. ఇవి బెంగళూరులోనో, వెల్లూరులోనో మాత్రమే దొరికేవి కావు. కానీ సరిహద్దు ఆస్పత్రుల్లో అలవాటైపోయిన పద్ధతి ‘రెఫర్’. క్యాన్సర్ అనే మాట వినగానే చీటీ రాసేస్తారు. తప్పు తమ మీదికి రాకూడదన్న భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే చీటీతోపాటు మొదటి డోసు పడకపోతే ఆ 300 కి.మీ. ప్రయాణమంతా చికిత్స లేని సమయమే. రక్తనమూనా తీసుకుని, సెలైన్ పెట్టి, మొదటి డోసు వేసి పంపడానికి క్యాన్సర్ నిపుణుడు అక్కర్లేదు. డ్యూటీ డాక్టరు చాలు. గోడకు అంటించిన ఒక పేజీ సూచనలు, కిద్వాయ్‌లోనో, కటక్‌లోని ఆచార్య హరిహర్ కేంద్రంలోనో రాత్రి ఫోన్ ఎత్తే ఒక నెంబరు ఉంటే సరి. డే కేర్ కేంద్రాలు పెట్టేటప్పుడు మంచాలూ కుర్చీలూ లెక్కపెడుతున్నారు గానీ ఈ పేజీ గురించి పట్టించుకున్నట్లు కనబడదు.

ఏ భాషలో చెప్పాలి?

మనకు ఇంకో చిక్కు ఉంది. బళ్లారి, రాయచూరు, పావగడ వైపు ‘హొట్టె నోవు’, హోసూరు, గుడియాత్తంలో ‘వయిత్తు వలి’, బరంపురం, రాయగడలో ‘పేట బ్యథా’, సిరోంచలో ‘పోటదుఖీ’. కడుపు నొప్పిని నాలుగు భాషల్లోనూ చెప్పగలం. ఆ మాట ఒక్కటే చెబితే మాత్రం ఏ భాషలోనైనా గ్యాస్ సూదే పడుతుంది. క్యాజువాల్టీలో కాలు పెట్టగానే మొదట చెప్పాల్సింది కడుపు నొప్పి కాదు. ‘ల్యుకేమియా, ఫలానా తేదీన కీమో అయింది, కౌంట్ తక్కువ’. ఈ మాటలు ఏ భాషలోనైనా ఒకటే, ఏ డాక్టరుకైనా అర్థమవుతాయి.

డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. ఇంటి దగ్గర పాటించాల్సిన జాగ్రత్తల కాగితం ఇస్తే కన్నడంలోనో, తమిళంలోనో ఉంటుంది. మన ఇళ్లలో పిల్లలు ఆ భాషలో చదువుకున్నవారే కాబట్టి చదివి చెప్తారు. కానీ రోగి దగ్గర రాత్రి మేలుకునేది అవ్వో, మేనత్తో. ఆమెకు తెలుగు తప్ప రాదు, ఒక్కోసారి తెలుగు కూడా మాట్లాడటమే తప్ప చదవడం రాదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఫోన్ చేయాలన్నది, థర్మామీటరు చూడకుండా పారాసెటమాల్ వేయకూడదన్నది ఆమెకు నోటితో చెప్పి, మళ్లీ చెప్పించుకోవాలి. ఆస్పత్రి నర్సుకు తీరిక లేకపోతే ఆ పని ఇంటి పిల్లలే చేయాలి.

కార్డు దాటని గీత

వైద్యం ఎక్కడ దగ్గరో సరిహద్దు గీతకు తెలియదు. యానాం నుంచి కాకినాడ 30 కి.మీ. దరిదాపుల్లో ఉంటే సొంత ప్రభుత్వం ఉన్న పుదుచ్చేరి 800 కి.మీ. దాటి ఉంది. జిప్‌మర్ వాళ్ల 90 పడకల కేంద్రం 2024 ఫిబ్రవరిలో యానాంలో ప్రారంభమైంది గానీ అర్ధరాత్రి రక్త క్యాన్సర్ రోగిని చూసుకోవడం వేరే స్థాయి పని. రాయచూరుకు బెంగళూరు కన్నా హైదరాబాదు దగ్గర. సిరోంచవాళ్లకు గడ్చిరోలి కన్నా గోదావరి దాటితే తెలంగాణే దగ్గర. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకు కటక్ కన్నా విశాఖే నయం. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి అక్కడుంది.

2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ జాతీయ పథకంలో పేరుంటే వేరే రాష్ట్రంలోని జాబితా ఆస్పత్రిలోనూ కార్డు పనిచేస్తుంది, కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా. ఒడిశా ఇందులో చేరింది 2025లోనే. అంతకుముందు దాకా అక్కడి మనవాళ్లు విశాఖకు వస్తే ఈ జాతీయ కార్డు చేతిలో లేదు. కానీ జాతీయ జాబితాలో లేక, సొంత రాష్ట్ర పథకం కింద మాత్రమే ఉన్నవారికి ఆ రాష్ట్రం పెట్టిన షరతులే వర్తిస్తాయి. తమది ఏ కార్డో చాలామందికి తెలియదు. అన్నీ ఒకటే అనుకుంటారు. కీమో మొదలుపెట్టే రోజే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఇది తేల్చుకోవాలి. పైగా 108 బండి దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చేందుకు ఉన్నది, గీత దాటించి పెద్దాస్పత్రికి తీసుకెళ్తుందని నమ్ముకుని కూర్చోలేం. రాత్రికి దొరికే బండి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకున్నవారు నయం.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. అవి ఫ్రిజ్‌లో పెట్టేవి కావు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఊపుతూ ఉంచాలి, అయిదు రోజులకు మించి నిలవవు. అందుకే చిన్న రక్తనిధులు నిల్వ పెట్టుకోవు, అడిగినప్పుడు దాతను తెచ్చుకోమంటాయి. తీరా అప్పుడు ఊళ్లో ఫోన్లు కొట్టడం మొదలవుతుంది. కీమో తర్వాత రెండో వారం ఏ తేదీల్లో పడుతుందో క్యాలెండరు మీద గీసుకుని, ఆ రోజుల్లో ఊళ్లో ఉండే నలుగురు దాతల పేర్లు, రక్తం గ్రూపులు ఆ పక్కనే రాసి పెట్టుకోవాలి. ఆ క్యాలెండరు డిశ్చార్జి కాగితంతోపాటు క్యాజువాల్టీకి తీసుకెళ్లినా పనికొస్తుంది, అందులో కీమో తేదీ ఉంటుంది.