గీత ఊగితే భూకంపమేనా?

రైతన్నలారా, ఎవరు కోప్పడినా సరే, ఈ మాట చెప్పాల్సిందే.

2024 డిసెంబరు 4న పొద్దున 7.27కి ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలింది గదా. ఆ తర్వాత మావాడు అయస్కాంతం, రాగి తీగ చుట్టతో ఇంట్లోనే భూకంపం పట్టే యంత్రం కట్టాడు. మొన్న రాత్రి దాని గీత ఊగింది. వెంటనే ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ముసలోళ్లు, పసిపిల్లలు చలిలో బజార్న పడుకున్నారు. తీరా చూస్తే, కరెంటొచ్చి ఆటో స్టార్టరుతో పక్క బోరు మోటరు ఆడింది!

భూకంపం గీత ముందు సన్నగా, తర్వాత పెద్దగా వచ్చి మెల్లగా తగ్గుతుంది. మోటరు ఆడినంతసేపూ ఒకే తీరుగా ఉంటుంది. గాలికి ఊగుతుంటే యంత్రం మీద పెట్టె బోర్లించాలి. ఒకసారి ఊగితే ఆగకపోతే, ఊగే చేతికి రాగి రేకు బిగించి బలమైన అయస్కాంతాల మధ్య ఆడనివ్వాలి. మిద్దె మీద కాదు, నేల మీది గచ్చున పెట్టాలి.

"పారెయ్ దాన్ని" అంటున్నారు కొందరు. ఎందుకు పారెయ్యాలి? తప్పు యంత్రానిది కాదు. చూసుకోకుండా పంచిన మావాడిది, ఆపని నాది. మోటరు ఆపి చూడండి, జాతీయ భూకంప కేంద్రం యాప్ చూడండి, అప్పుడు చెప్పండి.

రేపు ఫలానా టైముకు భూకంపం అని ముందే చెప్పే యంత్రం లోకంలోనే లేదు. చెప్పేవాడుంటే వాణ్ణి నిలదీయండి.