బెజవాడలో కొత్త ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవాళ్లేరీ? అసలు లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు విజయవాడలో కట్టడం కంటే అమ్మడమే పెద్ద పరీక్షగా మారింది. అది కూడా పాత ఇల్లు కాదు. గృహప్రవేశం జరిగి రెండు మూడేళ్లు కూడా కాని ఇల్లు. గోడల రంగు తగ్గలేదు, టైల్స్ మెరుపు పోలేదు. అయినా ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు నెలల తరబడి గేటుకు వేలాడుతూనే ఉంటోంది. చూసేవాళ్లు వస్తారు, బాగుంది అంటారు, వెళ్లిపోతారు. మళ్లీ ఫోన్ ఉండదు.

లోపం ఇంట్లో ఉందా? చాలా కేసుల్లో లేదు. అమ్మేవాళ్లు పెట్టిన ఖర్చును లెక్కేసుకుంటున్నారు. కొనేవాళ్లు రాబోయే రిస్క్‌ను లెక్కేసుకుంటున్నారు. ఈ రెండు లెక్కలూ కలవడం లేదు. అసలు సమస్య ఇదే.

మొదటి ప్రశ్న: ఎందుకు అమ్ముతున్నారు?

పదిహేనేళ్ల ఇల్లు అమ్ముతుంటే ఎవరూ కారణం అడగరు. పిల్లలు అమెరికాలో సెటిల్ అయ్యారనో, పెద్ద ఇంటికి మారుతున్నారనో అనుకుంటారు. అదే రెండేళ్ల ఇల్లు అయితే మాత్రం అనుమానం మొదలవుతుంది. వాస్తు తేడానా? వీధిపోటు ఉందా? ఇల్లు కలిసిరాలేదా? పక్కింటివాళ్లతో గొడవలా? కాగితాల్లో లిటిగేషన్ ఉందా?

నిజానికి కారణం చాలా మామూలుది కావచ్చు. ఉద్యోగం బదిలీ, ఈఎంఐ భారం, ఇంట్లో అనారోగ్యం, వ్యాపారంలో దెబ్బ.. ఏదైనా కావచ్చు. కానీ ఆ మాట బయటకు చెప్పుకోవడానికి చాలామంది ఇష్టపడరు. డబ్బు అవసరమని తెలిస్తే బేరం ఇంకా కిందికి లాగుతారని భయం. దాంతో సమాధానం దాటేస్తారు. అనుమానం అలాగే ఉండిపోతుంది. పైగా ఆషాఢం, మూఢం అంటూ కొన్ని వారాల పాటు అడ్వాన్స్ ఇచ్చేవాళ్లే కరువు. ఒక సీజన్ దాటితే ‘ఇన్నాళ్లూ ఎందుకు అమ్ముడుపోలేదు?’ అనే కొత్త ప్రశ్న వచ్చి చేరుతుంది.

రెండో ప్రశ్న: నీళ్లు ఎంతవరకు వచ్చాయి?

2024 సెప్టెంబర్‌కు ముందు బెజవాడలో ఈ ప్రశ్న కొన్ని పేటలకే పరిమితం. ఇప్పుడు అలా కాదు. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన కుండపోతకు బుడమేరు పొంగింది. జి.కొండూరు మండలంలో డైవర్షన్ ఛానల్ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, నున్న వైపు ప్రాంతాలు నీట మునిగాయి. సైన్యం సాయంతో సెప్టెంబర్ 7న గండ్లు పూడ్చారు. కొన్ని వీధుల్లో నీళ్లు వారం దాటినా పోలేదు.

అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అయినా నది పక్కనే ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. నదికి దూరంగా ఉన్నామని ధీమాగా ఉన్న సింగ్ నగర్ మాత్రం మునిగింది. ‘ఏటి ఒడ్డున కాదు కదా, భయం లేదు’ అనే పాత లెక్క ఆ ఒక్క వారంలో తారుమారైంది.

నష్టపరిహారంలోనూ ఆ తేడా కనిపించింది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికి రూ.25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవారికి రూ.10 వేలు చొప్పున ప్రభుత్వం ప్రకటించింది. కొనేవాళ్లు కూడా ఇప్పుడు ఇంటిని అంతస్తును బట్టే చూస్తున్నారు. ఒకప్పుడు పెద్దవాళ్లున్న కుటుంబాలు మెట్లు ఎక్కే పని లేదని గ్రౌండ్ ఫ్లోర్‌నే కోరుకునేవి. వరద చూసిన పేటల్లో ఇప్పుడు దానికే ఎక్కువ బేరం.

ఇక్కడే అమ్మేవాళ్లు ఒక పొరపాటు చేస్తున్నారు. బోర్డు పెట్టే ముందు కొత్తగా రంగులు వేయిస్తున్నారు. వరద వచ్చిన వీధిలో రెండేళ్ల ఇంటికి తాజా పెయింట్ కనిపిస్తే కొనేవాళ్లకు ధైర్యం రాదు, డౌట్ వస్తుంది. గోడ అడుగున చెమ్మ ఉందేమో, ప్లైవుడ్ కప్‌బోర్డులు ఉబ్బాయేమో, స్విచ్ బోర్డుల్లోకి నీళ్లు వెళ్లాయేమో అని వెతకడం మొదలుపెడతారు. మీరు చెప్పకపోయినా పక్కింటి వాళ్లు చెప్పేస్తారు. ఆ వారం వీధి వీధికీ వీడియోలు ఉన్నాయి, యూట్యూబ్‌లో వెతికితే దొరుకుతాయి.

మూడో ప్రశ్న: బ్యాంకు ఎంత ఇస్తుంది?

ఎక్కువ బేరాలు తెగిపోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. రెండేళ్ల కిందట రూ.60 లక్షలకు ఇల్లు కొన్నారనుకుందాం. స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం.. మొత్తం ఏడున్నర శాతం. అంటే రూ.4.5 లక్షలు. వుడ్ వర్క్, గ్రిల్స్, ఏసీలకు ఇంకో రూ.5 లక్షలు. మొత్తం దాదాపు రూ.70 లక్షలు. ‘లాభం వద్దు, పెట్టింది వస్తే చాలు’ అని యజమాని రూ.70 లక్షలు చెబుతారు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే.

కొనేవాళ్ల వైపు చూడండి. రూ.70 లక్షల మీద మళ్లీ ఏడున్నర శాతం, అంటే రూ.5.25 లక్షలు కట్టాలి. మొత్తం రూ.75.25 లక్షలు. బ్యాంకు వాల్యూయర్ వచ్చి రూ.60 లక్షలే అన్నారనుకోండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం రూ.30 లక్షల నుంచి రూ.75 లక్షల వరకు ఉండే హోమ్ లోన్లకు ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతమే ఇస్తారు. అంటే రూ.48 లక్షలు. మిగతా రూ.27 లక్షలకు పైగా చేతి నుంచి పెట్టుకోవాలి. అంత నగదు ఉన్న కుటుంబం కొత్త ఫ్లాటే చూసుకుంటుంది. అక్కడ బిల్డర్‌కు బ్యాంకులతో ముందే టై-అప్ ఉంటుంది, నచ్చిన ఫ్లోర్ ఎంచుకోవచ్చు. పాత యజమాని పెట్టిన ఏసీలకు, కప్‌బోర్డులకు బ్యాంకు విలువ కట్టదు. కొనేవాళ్లు కూడా అంతే.

ఇక ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ వేసినా, సెట్‌బ్యాక్ వదలకపోయినా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోయినా లోన్ ఫైలు ఆగిపోవచ్చు. ఇల్లు కొత్తదే అయినా ఫైలు మాత్రం కదలదు.

యజమాని ఎందుకు తగ్గలేకపోతున్నారు?

రేటు తగ్గించొచ్చు కదా అనడం తేలికే. ఆయన నెత్తిమీదున్న లోన్ చూడాలి. రూ.48 లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు రూ.41 వేలకు పైగా ఈఎంఐ. రెండేళ్లలో కట్టింది దాదాపు రూ.10 లక్షలు. అందులో అసలు తగ్గింది రూ.2 లక్షలే! మిగతాదంతా వడ్డీకే పోయింది. ఇంకా రూ.46 లక్షల బాకీ అలాగే ఉంది. అందుకే రూ.70 లక్షల దగ్గరే పట్టు పడతారు. కానీ పట్టు పట్టిన ప్రతి నెలా రూ.33 వేల దాకా వడ్డీ పోతూనే ఉంటుంది. పది నెలలు ఆగితే రూ.3 లక్షలకు పైగా ఆవిరి.

పన్ను మెలిక ఇంకోటి. కొన్న 24 నెలల లోపు అమ్మితే వచ్చిన లాభం స్వల్పకాలిక లాభం కింద లెక్క. జీతం మీద పడే శ్లాబులోనే పన్ను పడుతుంది. కొన్నప్పుడు రూ.60 లక్షలు ఇచ్చి, కాగితం మీద రూ.40 లక్షలే చూపించినవాళ్లకు మరీ ఇబ్బంది. ఇప్పుడు కొనేవాళ్లు లోన్ కోసం పూర్తి వైట్‌లో రిజిస్ట్రేషన్ అడుగుతారు. రూ.60 లక్షలకే ఇచ్చేసినా కాగితాల ప్రకారం రూ.20 లక్షల లాభం వచ్చినట్టే. జేబులోకి రూపాయి లాభం రాకపోయినా పన్ను లెక్క తప్పదు.

అమరావతి ఆశ పనిచేస్తోందా?

రాజధాని ఊపు వస్తే అన్నీ అమ్ముడైపోతాయని చాలామంది ఎదురుచూస్తున్నారు. 2015లో శంకుస్థాపన, 2019 చివర్లో మూడు రాజధానుల ప్రకటన, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనుల పునఃప్రారంభం.. పదేళ్లలో ఈ ప్రాంతం పైకీ కిందకీ అన్నీ చూసింది. అయితే రాజధాని ఆశతో వచ్చే పెట్టుబడి ముందు చూసేది స్థలాన్ని. కట్టిన ఇంటిని కాదు. ఎందుకంటే స్థలం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందని నమ్మకం, కట్టడం ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుందని లెక్క. సింగ్ నగర్‌లో రెండేళ్ల ఇంటి యజమాని ఎదురుచూస్తున్న కొనుగోలుదారు, మంగళగిరి వైపు స్థలం వెతుక్కుంటున్న ఇన్వెస్టర్ ఒక్కరు కాదు.

మరి దారేంటి?

అమ్మేవాళ్ల చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పన్ను రసీదులు ఒకే ఫైలులో సిద్ధంగా పెట్టుకోవడం మొదటిది. బోర్డు పెట్టకముందే వాల్యుయేషన్ చేయించుకుని, లోన్ ఎంత వస్తుందో తెలుసుకుని, రేటు అక్కడి నుంచి మొదలుపెట్టడం రెండోది. ఎందుకు అమ్ముతున్నారో సూటిగా చెప్పేయడం మూడోది. నీళ్లు వచ్చి ఉంటే ఎంత ఎత్తుకు వచ్చాయి, ఆ తర్వాత వైరింగ్, ప్లాస్టరింగ్ ఏం మార్చారు అన్నది బిల్లులతో చూపించడం నాలుగోది. ఇంటి బీమా కూడా పనికొస్తుంది. బీమా సంస్థలు 2021 నుంచి ఇస్తున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో వరద నష్టానికీ కవరేజీ ఉంది. పాలసీ చేతిలో ఉంటే కొనేవాళ్ల భయం కొంతైనా తగ్గుతుంది.

అమ్మేవాళ్ల చేతిలో లేనిది ఒక్కటే.. బుడమేరు. మైలవరం వైపు కొండల్లో మొదలై కొల్లేరులో కలిసే ఈ వాగు 2005లోనూ నగరాన్ని ముంచింది. 2024 తర్వాత ‘ఆపరేషన్ బుడమేరు’ పేరుతో ఆక్రమణల తొలగింపు, డైవర్షన్ ఛానల్ సామర్థ్యం పెంపు అని ప్రభుత్వం చెప్పింది. ఆ పనులు ఎంత త్వరగా, ఎంత గట్టిగా పూర్తవుతాయన్న దాని మీదే ఆ వీధుల్లో ఇళ్ల విలువ ఆధారపడి ఉంది. ఒక ఇంటికి యజమాని ఎన్నిసార్లు రంగులు వేయించినా, వాగుకు కట్ట గట్టిగా లేకపోతే కొనేవాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. ఆలోపు ఈఎంఐ తేదీ మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటుంది.