పసుపు దీపం చెప్పే మాట

మోటారుకారులో చోదకుని ఎదుట, ఇంజను బొమ్మతో ఒక చిన్న పసుపు దీపం ఉంటుంది. తాళం తిప్పగానే అది ఒకసారి వెలిగి, ఇంజను కదలిన వెంటనే ఆరిపోతుంది. ఆరకపోయినా, ప్రయాణం నడుమ తిరిగి వెలిగినా ఇంజను ఏదో చెప్పదలచిందని గ్రహించాలి. చెప్పదలచినది ఏమిటో వినకుండానే దీపాన్ని ఆర్పివేయాలని చాలామంది తొందరపడతారు. కంపెనీ అమర్చిన గాలిపెట్టెను తీసివేసి, బజారులో కొన్న వెడల్పాటి గాలిగొట్టాన్ని బిగించిన మరునాడే దీపం వెలిగితే ఈ తొందర మరింత హెచ్చుతుంది. వేలు పోసి కొన్న వస్తువును తప్పుపట్టడానికి మనసు ఒక పట్టాన ఒప్పుకోదు కదా!

సూరత్ నగరంలో ఈ సంగతిని బోధపరచడానికి ఉపమానం కోసం వెతకనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు అనేకం అక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడి వస్త్ర పరిశ్రమను నమ్ముకొని జీవిస్తున్నాయి. మరమగ్గంలో పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. కొన్ని మగ్గాలలో పడుగు పోగుల మీద పలుచని లోహపు రేకులు వేలాడుతూ ఉంటాయి. పోగు తెగగానే రేకు జారిపడి, విద్యుత్ వలయం పూర్తయి, మగ్గం నిలిచిపోతుంది. అనుభవం గల పనివాడు తెగిన పోగును వెతికి ముడివేస్తాడే తప్ప, రేకును దారంతో పైకి కట్టివేయడు. కట్టివేస్తే మగ్గం నడుస్తుంది. గుడ్డ మాత్రం చెడిపోతుంది. కారులోని పసుపు దీపం కూడా ఆ రేకు వంటిదే.

ఈ దీపం వెనుక ఇంజనును నిరంతరం పరీక్షించే ఒక కంప్యూటరు ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నమూనా కార్లతో ఈ విధానాన్ని ప్రారంభించింది. 1996 నుంచి అమెరికా అంతటా అది ఒకే ప్రమాణానికి వచ్చింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు ముందుగా అమలైన 13 నగరాలలో హైదరాబాదు, సూరత్, షోలాపూర్ కూడా ఉన్నాయి. తెలుగు నేతపనివారి జీవితాలతో ముడిపడిన మూడు నగరాలు ఒకే జాబితాలో చేరడం విశేషమే. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 దేశమంతటా వచ్చిన తరువాత ఈ నిఘా ఇంకా కట్టుదిట్టమైంది.

గాలిగొట్టం మారిస్తే కంప్యూటరుకు కోపమెందుకు రావాలి? పెట్రోలు సక్రమంగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. లోపలికి వచ్చే గాలి ఎంతో తెలిస్తేనే పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయించగలదు. చాలా కార్లలో ఆ లెక్క చెప్పేది గాలి దారిలో అమర్చిన ఒక సెన్సారు. దానిలో విద్యుత్తుతో వేడెక్కిన సన్నని తీగ వంటిది ఉంటుంది. గాలి ఎంత జోరుగా వీస్తే తీగ అంత చల్లబడుతుంది. దానిని తిరిగి వేడిగా ఉంచడానికి ఎంత విద్యుత్తు ఖర్చయిందో దానిని బట్టి గాలి పరిమాణం తెలుస్తుంది. అయితే ఈ సెన్సారు గొట్టంలోని గాలినంతటినీ కొలవదు. తన మీదుగా పోయిన కొద్దిపాటి గాలిని కొలిచి, గొట్టం వెడల్పును బట్టి మొత్తం ఎంతో లెక్కగడుతుంది.

చిక్కు సరిగ్గా ఇక్కడే ఉన్నది. కంపెనీ గొట్టం లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లనీ, కొత్తది 76 మిల్లీమీటర్లనీ అనుకుందాం. తేడా 6 మిల్లీమీటర్లే. కాని గొట్టం నోటి వైశాల్యం 18 శాతం పెరుగుతుంది. అంతే గాలి పోయినా దాని వేగం 15 శాతం తగ్గుతుంది. పాత వెడల్పునే నమ్ముకున్న కంప్యూటరు, గాలి తగ్గిందని భ్రమించి పెట్రోలును కూడా 15 శాతం తగ్గిస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు ఈ కొరతను పసిగట్టి ఫిర్యాదు చేస్తుంది. కంప్యూటరు కొద్దికొద్దిగా పెట్రోలు పెంచుతూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు సుమారు 25 శాతం చేరితే ఇక తన వల్ల కాదని అనేక కార్లలో దీపం వెలిగిస్తుంది. మరెక్కడో చిన్న లోపం వల్ల అప్పటికే 8 శాతం సర్దుకుంటున్న ఇంజనుకు ఈ 18 శాతం తోడైతే హద్దు దాటుతుంది. ఒకే రకం గొట్టం ఒక కారులో దీపం వెలిగించి, పక్కవాని కారులో వెలిగించకపోవడానికి కారణం ఇదే.

దోషం ప్రతిసారీ గొట్టం కొలతలోనే ఉండదు. బిగింపులో జరిగే పొరపాట్లే తరచు కారణమవుతాయి. క్లిప్పు వదులైతే కొలతకు చిక్కని గాలి సందులోంచి దూరుతుంది. ఇంజను ఆవిరులను గాలిదారిలోకి చేర్చే చిన్న హోసును తిరిగి తగిలించడం మరచినా అంతే. గాలి ఉష్ణోగ్రతను చెప్పే సెన్సారు పాత గాలిపెట్టెకే ఉండిపోయి, దాని ప్లగ్గు ఊడి వేలాడుతూ ఉండవచ్చు. కడిగి మళ్లీ వాడుకొనే నూలు ఫిల్టరుకు నూనె ఎక్కువగా పట్టిస్తే ఆ తుంపరలు తీగ మీద పేరుకొని కొలతను తప్పిస్తాయి. సెన్సారును తిరగవేసి బిగించిన సందర్భాలు కూడా లేకపోలేదు.

అన్ని కార్లలోనూ ఈ వేడితీగ ఉండదు. మన రోడ్ల మీది అనేక చిన్న కార్లు ఇంజను లోపలి గాలి ఒత్తిడిని కొలిచి లెక్క కడతాయి. వాటిలో గొట్టం వెడల్పు పెద్ద ఇబ్బంది కలిగించదు. ఊడిన ప్లగ్గులు, తెగిన హోసులనే ముందు అనుమానించాలి. తన కారు ఏ రకమో తెలుసుకోవడమే యజమాని మొదటి కర్తవ్యం.

పరీక్షకు ఒక క్రమం ఉన్నది. దీపం నిలకడగా వెలుగుతున్నదా, మిణుకుమిణుకుమంటున్నదా మొదట చూడాలి. మిణుకుమంటే ఇంజనులో పెట్రోలు సరిగా మండక, మండనిది పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరులోకి పోతున్నదని అర్థం. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు గల ఆ భాగం విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. కనుక వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి. నిలకడగా వెలిగితే కంగారు పడనక్కరలేదు. జాగ్రత్తగా నడుపుతూ మెకానిక్ వద్దకు తీసుకుపోవచ్చును.

రెండవది, స్కానరుతో కంప్యూటరు నమోదు చేసిన సంకేతాన్ని చదివించి కాగితం మీద వ్రాసుకోవాలి. పి 0171 అంటే పెట్రోలు పాలు తక్కువైందని, పి 0101 అంటే గాలి సెన్సారు లెక్క పొసగడం లేదని, పి 0113 అంటే గాలి ఉష్ణోగ్రత సెన్సారు వలయం తెగిందని సూచన. దోషం కనిపించిన క్షణంలో ఇంజను వేగమెంతో, వేడి ఎంతో కూడా కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. బ్యాటరీ తీగ ఊడదీస్తే దీపంతో పాటు ఈ సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. వైద్యుని వద్దకు వెళ్లేముందు రోగలక్షణాలను దాచుకోవడం వంటిది ఆ పని.

మూడవది, ఖర్చులేని పరీక్ష. పాత గాలిపెట్టెను యథాతథంగా బిగించి కొన్ని రోజులు నడపాలి. దోషం మాయమైతే కారణం కొత్త గొట్టంలోనో, దాని బిగింపులోనో ఉన్నది. మాయం కాకపోతే గొట్టం నిర్దోషి. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండవదానికి కారణం కానక్కరలేదు.

నాలుగవది, స్కానరులో పెట్రోలు సర్దుబాటు అంకెలను చూడాలి. బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు సర్దుబాటు ఎక్కువగా ఉండి, నిమిషానికి 2,500 చుట్ల వేగంలో తగ్గిపోతే ఎక్కడో సందు ఉన్నదని అనుమానించాలి. ఏ వేగంలోనైనా దాదాపు ఒకే విధంగా ఉంటే గొట్టం వెడల్పునో, మురికిపట్టిన తీగనో అనుమానించాలి. తీగను ఆ పనికై అమ్మే స్ప్రేతో మాత్రమే శుభ్రపరచి ఆరనివ్వాలి. గుడ్డతో గాని వేలితో గాని తాకరాదు. గుజరాత్‌లో విరివిగా కనిపించే సి.ఎన్.జి. కార్లకు మరొక పరీక్ష కూడా ఉన్నది. గ్యాసు మీద నడిచేటప్పుడు మాత్రమే దోషం కనిపిస్తే గ్యాసు కిట్టును, రెండు ఇంధనాల మీదా కనిపిస్తే గాలిదారిని చూడాలి.

దోషం సవరించిన తరువాత కొంత ఓర్పు వహించాలి. సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాలలో దోషం కనిపిస్తే గాని దీపం వెలగదు. మూడు ప్రయాణాలు నిర్దోషంగా సాగితే గాని ఆరదు. బిగించిన నాడే దీపం వెలగలేదని మురిసిపోవడం, సవరించిన నాడే ఆరలేదని నిరుత్సాహపడడం రెండూ తగవు.

సూరత్ వంటి ఊళ్లో దీపం కంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. చల్లని గాలి కోసమని కొన్ని గొట్టాల మూతిని బంపరు వెనుక బాగా కిందికి దింపుతారు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచింది. మీఠీ ఖాడీ పొంగి లింబాయత్ వీధులలోకి నీరు రావడం వానకాలంలో అక్కడివారు ఎరిగినదే. గాలిని ఇంజను అదిమి కుదించగలదు, నీటిని కుదించలేదు. గొట్టం నీటిని పీల్చిందంటే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయి ఇంజను ఒక్క క్షణంలో నాశనం కావచ్చును. అప్పుడు ఏ దీపమూ ముందుగా హెచ్చరించదు. కిరాయికి కారు తిప్పుకొనే కుటుంబానికి అది నెలల సంపాదన.

ఇంతకూ లాభమెంత? మూతిని పైన ఉంచితే బానెట్ కింది వేడిగాలి లోపలికి పోతుంది. గాలి 30 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. గొట్టం వల్ల కలిగిన లాభం అక్కడే హరించుకుపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షలలో, మురికితో మూసుకుపోయిన ఫిల్టరు కూడా నేటి పెట్రోలు కార్ల ఇంధన వినియోగాన్ని చెప్పుకోదగినంతగా మార్చలేదని తేలింది. తగ్గినది పూర్తిగా తొక్కినప్పటి జోరు మాత్రమే. కాబట్టి మామూలు చిన్న కారులో కొత్త గొట్టం ఇచ్చేది ఎక్కువగా శబ్దమే. తయారీదారు నిర్దేశించిన తీరుకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఆంక్షలు పెట్టిన సంగతిని, గ్యారంటీ పత్రంలోని షరతులను కూడా కొనేముందే చూసుకోవడం మేలు.

అయినా సరదా పడేవారు ఉంటారు. సరదా నేరం కాదు. వారు తమ సెన్సారుకు సరిపోయే వ్యాసం గల గొట్టాన్నే ఎంచుకోవాలి. ప్రతి క్లిప్పును, ప్రతి ప్లగ్గును స్వయంగా చూసుకోవాలి. మూతిని నీటికి అందని ఎత్తులో ఉంచాలి. పాత గాలిపెట్టెను మాత్రం పాత ఇనుము వానికి అమ్మివేయరాదు. దీపం మళ్లీ వెలిగిన నాడు నిజం తేల్చడానికి అంతకంటె చవకైన పనిముట్టు దొరకదు.