మన భాష డేటా అయింది, మన డిగ్రీ ఎందుకు చిత్తు కాగితమైంది?



డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లు, మూడేళ్లు దాటినవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. బీటెక్ కంప్యూటర్స్, బీసీఏ చేసినవాళ్లు. జర్నలిజం, యానిమేషన్, ఎడిటింగ్, ఫొటోగ్రఫీ చదివినవాళ్లు. "ఇంకా జాబ్ రాలేదా బిడ్డా?" అని అడుగుతారని పండక్కి కూడా ఊరికి పోవడం మానేసినవాళ్లు. ఇది మీకోసమే.

ముందే ఒక మాట చెప్తున్నా. మీరు ఫెయిల్ కాలేదు, మిమ్మల్ని వడపోసి పక్కన పెట్టారు. ఆ జల్లెడ ఎట్లా పనిచేస్తదో తెలియకపోతే జీవితాంతం మనల్ని మనమే తిట్టుకుంటూ ఉంటాం.

చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల ఫ్రెషర్ ప్రకటనల్లో ఒక లైన్ ఉంటుంది. టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింట్లో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్స్ ఉండొద్దు, చదువులో గ్యాప్ ఉండొద్దు. చూడ్డానికి అందరికీ ఒకటే రూలు. మరి ఆ టెన్త్ మనం ఎక్కడ చదివాం? ఇంట్లో కోయ, గోండి, కొలామి, సవర, కువి మాట్లాడాం. ఆశ్రమ పాఠశాలకు పోయి తెలుగు నేర్చుకున్నాం. ఆ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాం. లెక్కల సారు సగం ఏడాది రాకపోతే ఆ సగం ఏడాది మన మెమోలో మార్కుల రూపంలో కనిపిస్తది. ఫస్టియర్‌లో పాఠం అర్థం కాక రెండు సబ్జెక్టులు పోతాయి. ఫైనలియర్‌కి అన్నీ క్లియర్ చేసి, ప్రాజెక్టు కొనుక్కోకుండా సొంతంగా చేసిన పిల్లాడు కూడా ఆ ఒక్క లైన్ దగ్గర ఆగిపోతాడు. వాడికి కోడింగ్ వచ్చా రాదా అని అడిగినవాడు లేడు. పదిహేనేళ్ల వయసులో వాడి బడికి సారు వచ్చాడా లేదా అన్నదే లెక్కలోకి వచ్చింది. దానికి మెరిట్ అని పేరు పెట్టారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు చెప్పాలా? సర్కారు బకాయి పెడితే కాలేజీ మన సర్టిఫికెట్లు పట్టుకుంటది. ఒరిజినల్స్ ఆపొద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా జాయినింగ్ తేదీ దగ్గర పడుతుంటే మనం ఆఫీసు గది ముందు నిలబడే ఉంటాం. అప్పు సర్కారుది, జాబ్ పోయేది మనది.

"సరే, గవర్నమెంట్ జాబ్ కొట్టు" అంటారు పెద్దోళ్లు. ఆ తలుపు కూడా మూసుకుంటూ వస్తోంది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఒక తరం మొత్తం "డీఎస్సీ కొడితే చాలు" అని నమ్మి నడిచిన దారి అది. మిగిలిన దారి ప్రైవేటు. రాజ్యాంగం 16(4)లో ఉన్న రిజర్వేషన్ సర్కారు కొలువుకే వర్తిస్తది, కంపెనీ గేటు దగ్గర ఆగిపోతది. కొలువులు పెరిగిందేమో ఆ గేటు లోపల.

అందుకే అమీర్‌పేట. మూడు నెలల కోర్సు, హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు. ఇంట్లో మేకలు అమ్మిన డబ్బు అయిపోయాక డెలివరీ బండి, డేటా ఎంట్రీ, నైట్ షిఫ్ట్ కాల్ సెంటర్. మధ్యలో ఒక కన్సల్టెన్సీవాడు తగులుతాడు. రెండు లక్షలు కడితే దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి బ్యాక్‌డోర్‌లో జాబ్ ఇప్పిస్తానంటాడు. ఒక్క రూపాయి కూడా కట్టకండి. వెరిఫికేషన్‌లో దొరికితే జాబ్ పోయేది, పేరు పోయేది నీది. డబ్బు తీసుకున్నోడు ఫోన్ నంబర్ మారుస్తాడు.

మీడియా చదివినోళ్ల పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ 60 శాతం అడగరు, పోర్ట్‌ఫోలియో అడుగుతారు. పోర్ట్‌ఫోలియో కావాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉండాలి, జీతం లేకుండా ఆర్నెల్లు హైదరాబాద్‌లో బతకగలగాలి. "ఇంటర్న్‌షిప్ చెయ్, ఎక్స్‌పోజర్ వస్తది" అంటారు. ఎక్స్‌పోజర్‌తో హాస్టల్ అద్దె కట్టలేం కదా! ఆర్నెల్లు ఇంటి డబ్బుతో బతకగలిగినవాడే సినిమాలోకి, యాడ్స్‌లోకి, వీఎఫ్ఎక్స్‌లోకి పోతాడు. మనవాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ మిగిలిపోతాడు. ఆ పని తక్కువని అనట్లేదు. వాడు చదివింది దానికోసమే కాదు అంటున్నా.

మన కథలు మాత్రం మనకంటే ముందే వెళ్లిపోయాయి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్ పేరుతో 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. ప్రపంచమంతా చూసింది, అందులోని పాటకు ఆస్కార్ వచ్చింది. భీమ్‌గా వేసిన నటుడు మనోడు కాదు, ఆ సంగతి పక్కన పెడదాం. నా ప్రశ్న వేరే. అట్లాంటి సినిమాలకు కథా చర్చల్లో, సౌండ్‌లో, కాస్ట్యూమ్స్‌లో, వీఎఫ్ఎక్స్ బెంచీల మీద కూర్చున్న ఆదివాసీ పిల్లలు ఎంతమంది? గుస్సాడీ కనకరాజు తాతకు 2021లో, కంచుమేళం సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల ఆటను, పాటను రికార్డు చేసినవాళ్లలో కెమెరా పట్టింది ఎవరు? హార్డ్ డిస్క్ ఎవరి ఇంట్లో ఉంది?

ఇప్పుడు కొత్త రంగం తెరుచుకుంది. ఏఐకి మన భాష కావాలట. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీతో పాటు మన గోండి కూడా ఉంది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వం, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. అంతకుముందే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. మంచిదే, మన భాష ఫోన్లోకి రావాలి. పేరు పెట్టి ఏ సంస్థనూ నేను తప్పు పట్టట్లేదు.

కానీ ఈ పనిలో రెండు రకాల కుర్చీలుంటాయి. ఒకటి వాక్యాలు చదివి, రికార్డు చేసి, గంటకింత అని డబ్బు తీసుకునే కుర్చీ. ఇంకోటి ఏ వాక్యాలు సేకరించాలి, మోడల్‌కి ఏం నేర్పాలి, ఎక్కడ వాడాలి అని నిర్ణయించే కుర్చీ. మొదటిదానికి మనల్ని వెతుక్కుంటూ ఊరికొస్తారు. రెండోదానికి నోటిఫికేషన్ పడినప్పుడు మళ్లీ 60 శాతం లైన్ వస్తది. గోండి తెలిసిన బీటెక్ పిల్ల నిరుద్యోగి, గోండి రాని ఇంజినీర్ గోండి ప్రాజెక్టుకు హెడ్! అడవిలో తునికాకు కోసేది మనం, కట్ట ధర చెప్పేది ఇంకొకడు. ఇప్పుడు మాటల దగ్గర కూడా అదే యాపారం మొదలైతే చూస్తూ ఊరుకుందామా?

"కంప్యూటర్ ముందు కులం లేదు, టాలెంట్ ఉంటే ఎవరూ ఆపలేరు, యూట్యూబ్ అందరికీ ఫ్రీ" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. నిజమే, ఛానల్ పెట్టడం ఫ్రీ. మరి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన గూడెంలో వీడియో అప్‌లోడ్ చేయడం ఫ్రీనా? ఇంకొందరు "1/70 చట్టం వల్లే మనకు లోన్లు రావట్లేదు, అది ఉండగా పిల్లలు పైకి రారు" అంటున్నారు. ఈ మాట చాలా ప్రమాదం. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా భూమి తాకట్టే అక్కర్లేదు. బ్యాంకు మేనేజర్ లోన్ ఇవ్వకపోతే మేనేజర్‌ని అడగాలి. భూమిని కాపాడే చట్టం మీద కోపం పెంచుకుంటే లాభపడేది ఎవరో మనకు తెలుసు.

మన సంఘాలకు కూడా ఒక మాట. పోడు పట్టా కోసం ధర్నా చేస్తాం, చెయ్యాలి. ఆ పట్టా కోసం కొట్లాడిన తండ్రి కొడుకు బీటెక్ చేసి ఇంట్లో కూర్చుంటే, దాన్ని ఆ ఇంటి బాధగా వదిలేస్తున్నాం. వాడి నిరుద్యోగం మన వినతిపత్రంలో చివరి పాయింట్ కూడా కావట్లేదు. దాన్ని ముందుకు తేవాలి. ఎట్లా?

ఒకటి. 1961 అప్రెంటిస్ చట్టం చదవండి. 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే. అదే చట్టం సెక్షన్ 3ఏ ప్రకారం డిజిగ్నేటెడ్ ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లు యజమానే రిజర్వు చేయాలి. ప్రైవేటు యజమాని కూడా! "ప్రైవేటులో మనకేం లేదు" అనుకుని ఈ తలుపు తట్టడమే మర్చిపోయాం. ఏ ఐటీ కంపెనీ, ఏ స్టూడియో ఎంతమంది ఎస్టీ అప్రెంటిస్‌లను తీసుకుందో జిల్లా జిల్లాలో అడుగుదాం.

రెండు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఎక్కడివాళ్లు అక్కడ మీ ఐటీడీఏకి ఆర్టీఐ పెట్టండి. 10 రూపాయల ఫీజు, బీపీఎల్ అయితే అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగే ప్రశ్నలు. ఐదేళ్లలో కంప్యూటర్, మల్టీమీడియా శిక్షణ ఎంతమందికి ఇచ్చారు? శిక్షణ సంస్థలకు ఎంత కట్టారు? ఏడాది తర్వాత ఉద్యోగంలో ఉన్నది ఎంతమంది? జీతమెంత? జాబ్ మేళాలో ఆఫర్ లెటర్ ఇస్తూ దిగిన ఫొటోలు చాలా చూశాం. ఏడాది తర్వాత ఫొటో కావాలి.

మూడు. మన భాష, పాట, కథ రికార్డు చేయడానికి ఎవరొచ్చినా ముందు గ్రామసభ. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకిచ్చింది. కాగితం మీద నాలుగు షరతులు రాయించండి: చెప్పినవాళ్ల పేరు ఉండాలి, కూలి కాకుండా సరైన పారితోషికం ఉండాలి, రికార్డింగ్ కాపీ ఊరికి ఇవ్వాలి, ఆ టీమ్‌లో ఆ భాష మాట్లాడే డిగ్రీ చదివిన పిల్లలకు జీతంతో ఉద్యోగం ఉండాలి.

ఇది కుదిరే పనేనా అంటారా? రాంచీలో ఉరావ్ బిడ్డ బిజు టోప్పో మేఘనాథ్‌తో కలిసి 'అఖ్డా' పేరుతో కెమెరా పట్టాడు, జాతీయ అవార్డు దాకా పోయాడు. మన సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మామూలు ఫోన్ మీద గోండిలో ఊరి సమస్యలను వినిపించింది. మనవాళ్లు చేయగలరా అన్న సందేహం తీరిపోయింది. చేసినదానికి జీతం, పేరు, నిర్ణయాధికారం ఇప్పించుకోవడమే మిగిలింది.

చివరిగా ఒక చిన్న పని. మీ ఊళ్లో టెక్నాలజీ, మీడియా చదివిన పిల్లల లిస్టు ఈ నెలలోనే రాయండి. ఏం చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు, చేతిలో ఏ పని ఉంది. ఒక నోట్‌బుక్ చాలు. లెక్క లేనిదే కొట్లాట నిలబడదు.

మావ నాటె, మావ రాజ్ అన్నాం. మావ మాట మీద కూడా మావ రాజే!

జై ఆదివాసీ! జోహార్!