బల్ల మీది బిల్లు

పార్లమెంటు వ్యవహారాలను తెలుగులో రాసే విలేఖరికి ఇంగ్లీషులోని పెద్ద మాటలతో వచ్చే చిక్కు స్వల్పం. వాటి కోసం నిఘంటువులున్నాయి. ఇబ్బంది పెట్టేవి చిన్న మాటలే. వాటిలో అగ్రతాంబూలం 'టేబుల్' అనే మాటకు ఇవ్వాలి. భోజనం చేసే బల్ల టేబులే. రైళ్ల రాకపోకల పట్టికా టేబులే. పిల్లలు వల్లించే ఎక్కమూ టేబులే. 1930-32 మధ్య లండన్‌లో మన దేశ భవిష్యత్తును గురించి జరిగిన సమావేశాలకు కూడా ఆ మాటే పేరయింది. ఇంతవరకు బాధ లేదు. ఆ మాట క్రియగా మారి చట్టసభలో అడుగుపెట్టినప్పుడే తంటా మొదలవుతుంది.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకుని పత్రికారంగంలో ప్రవేశించిన కొత్తలో ఈ రచయిత ఒక అమెరికా వార్తను తెలుగు చేశాడు. అక్కడి ప్రతినిధుల సభలో ఒక తీర్మానాన్ని 'టేబుల్' చేశారని ఉంటే, 'ప్రవేశపెట్టారు' అని ధీమాగా రాశాడు. అది అలాగే అచ్చయింది. వాస్తవానికి ఆ సభ ఆ తీర్మానానికి ఆనాడు ఉత్తరక్రియలు జరిపింది. బ్రిటిష్ వారి వాడుకలో టేబుల్ చేయడమంటే చర్చకు తేవడం. అమెరికన్ల వాడుకలో చర్చ లేకుండా పక్కన పడవేయడం. 1941 చివర వాషింగ్టన్‌లో ఉభయ దేశాల సైనికాధికారులు ఈ మాట మీదనే చాలాసేపు కీచులాడుకున్నారని, తీరా చూస్తే ఇరుపక్షాలూ కోరుతున్నది ఒక్కటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో నమోదు చేశారు.

మన పార్లమెంటులో ఈ మాటకు మూడవ అర్థం ఒకటున్నది. సభాపతి స్థానానికి దిగువన, సెక్రటరీ జనరల్, ఆయన అధికారులు కూర్చునే చోటు ఉంది. హిందీవారు దానిని 'సభా పటల్' అంటారు. ఒక పత్రాన్ని అక్కడ ఉంచితే అది సభ ముందుకు వచ్చినట్టు లెక్క. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల ఘట్టం ముగిసి పన్నెండు గంటలు కాగానే మంత్రులు ఒకరి వెంట ఒకరు లేచి, ఒక్కొక్క వాక్యం చదివి కూర్చుంటారు. వార్షిక నివేదికలు, నియమావళులు, నోటిఫికేషన్లు ఆ విధంగా సభకు చేరతాయి. ఇది చర్చా కాదు, సమాధీ కాదు. చదవదలచిన వారికి దొరికేటట్టు ఉంచడం మాత్రమే.

ఆ పాటి పనీ సకాలంలో జరగడం లేదని గ్రహించే లోక్‌సభ 1975లో, రాజ్యసభ 1981లో ఇందుకు ప్రత్యేక సంఘాలను నియమించుకున్నాయి. మరోవంక 1979లో అట్లాస్ సైకిల్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, నిత్యావసర సరకుల చట్టం కింద జారీచేసిన ఉత్తర్వును సభ ముందు ఉంచకపోయినా అది చెల్లకుండా పోదని తీర్పు చెప్పింది. అంటే ప్రజాప్రతినిధులకు చూపించి తీరవలసిన కాగితాన్ని చూపించకపోయినా ప్రభుత్వపు పని ఆగనక్కరలేదన్న మాట.

దూరం పోనక్కరలేదు. ఈ ఢిల్లీ నగరంలోనే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు పద్నాలుగు శాసనసభ ముఖం చూడకుండా నిలిచిపోయాయి. 2025 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ జాప్యాన్ని తప్పుపట్టినా, అందుకోసం సభను ప్రత్యేకంగా సమావేశపరచాలని ఆదేశించడానికి అంగీకరించలేదు. చివరకు ఎన్నికలలో ప్రభుత్వం మారిన తరువాత, ఫిబ్రవరి 25న మద్యం విధానంపై నివేదిక సభ ముందుకు వచ్చింది. లెక్కలు తనిఖీ చేసినవారు తమ పని ముగించినా, ఆ ఫలితం బల్ల దాకా చేరడానికి ఓటర్లు తీర్పు చెప్పవలసి వచ్చింది.

తెలుగువారికి ఈ మాట నేర్పిన పాఠం ఇంతకంటె కఠినమైనది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభకు వచ్చింది. బిల్లును ప్రవేశపెట్టాలంటే మంత్రి ముందు సభ అనుమతి కోరాలి, సభ అనుమతించాలి. ఆనాడు హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే లేచిన క్షణాలలోనే సభ రణరంగమైంది. విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. సభ్యులు కళ్లు తుడుచుకుంటూ బయటకు పరుగెత్తారు. బిల్లు ప్రవేశపెట్టడం పూర్తయిందని ప్రభుత్వం ప్రకటించింది. తాము అలా భావించడం లేదని ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ అన్నారు. ఒక రాష్ట్రపు భవిష్యత్తును నిర్ణయించే కాగితం సభకు వచ్చిందా రాలేదా అన్న ప్రశ్నకు, ఒకే కప్పు కింద కూర్చున్న ఇరుపక్షాలు రెండు సమాధానాలు చెప్పాయి!

అయిదు రోజులకు, ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయిన స్థితిలో, అదే ప్రతిపక్షం మద్దతుతో లోక్‌సభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. దానితో మొదటి ప్రశ్న మరుగున పడింది. తెలంగాణ ప్రజల దశాబ్దాల ఆకాంక్ష నెరవేరింది. దాని న్యాయాన్యాయ విచారణ ఈ లేఖ ఉద్దేశం కాదు. అయితే సావకాశంగా, క్లాజువారీగా చర్చ జరిగి ఉంటే రెండు రాష్ట్రాలకూ మేలు కలిగేదన్నది నిర్వివాదాంశం. చట్టంలోని 9, 10 షెడ్యూళ్లలో చేర్చిన సంస్థల ఆస్తుల పంపకం, పదేళ్లు నిండిన 2024 జూన్ 2 నాటికి కూడా పూర్తిగా తెగలేదు.

బల్ల మీదికి రాని మాట గతి కూడా ఆ వారంలోనే తేలింది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్, శేష ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లపాటు ప్రత్యేక తరగతి హోదా వర్తింపజేస్తామన్నారు. ఆ వాక్యం సభా రికార్డులో ఉన్నది. సభ ఆమోదించిన బిల్లులో లేదు. 2016 సెప్టెంబరులో తరువాతి ప్రభుత్వం హోదాకు బదులు ప్రత్యేక సహాయాన్ని ప్రకటించినప్పుడు, ఆంధ్రుల చేతిలో ఉన్నది ప్రసంగ పాఠమే గాని చట్టం కాదు. బల్లగుద్ది చెప్పిన మాటకూ, బల్ల మీద పెట్టిన మాటకూ ఇంత అంతరం ఉంది.

ఈ గందరగోళంలో పత్రికల పాత్ర లేదనలేము. నివేదిక వచ్చినా, నోటిఫికేషన్ వచ్చినా, బిల్లు వచ్చినా మేము 'ప్రవేశపెట్టారు' అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాము. పత్రాన్ని సభ ముందుంచడం వేరు. బిల్లును ప్రవేశపెట్టడం వేరు. చర్చకు చేపట్టడం, ఆమోదించడం ఇంకా వేరు. ఈ నాలుగింటికీ తెలుగులో నాలుగు మాటలున్నాయి. విలేఖరులు వాటిని ఎక్కడివి అక్కడ వాడాలి. పాఠకులు కూడా ఇకపై మా వార్తలలో 'ప్రవేశపెట్టారు' అని కనిపించినప్పుడు, ఆ నాలుగింటిలో ఏది జరిగిందని నిలదీసి అడగాలి. ఆ ప్రశ్న అడిగేవారు లేనంతకాలం, బల్ల మీద పెట్టడంతోనే తమ బాధ్యత తీరిపోయిందని ప్రభుత్వాలు భావిస్తూనే ఉంటాయి.