పుట్టినరోజు చాక్లెట్లూ, షుగర్ బోర్డూ

మా బడి వరండాలో గోడ మీద ఇప్పుడొక షుగర్ బోర్డు ఉంది. 2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులన్నిటికీ సర్క్యులర్ పంపింది. పిల్లలు రోజుకు ఎంత పంచదార తినొచ్చు, మామూలుగా తినేవాటిలో ఎంత ఉంటుంది, ఎక్కువైతే ఏమవుతుంది, బదులుగా ఏం తినొచ్చు అనేవి అందరికీ కనిపించేలా రాసి పెట్టమంది. మా బోర్డు కూడా బాగానే ఉంది. రంగులు మేమే వేశాం.

ఆ బోర్డు కిందనుంచే, వారంలో కనీసం ఒక రోజు, కొత్త బట్టలు వేసుకున్న ఒకరు చాక్లెట్ల ప్యాకెట్టు పట్టుకుని క్లాసు క్లాసుకూ తిరుగుతారు. పుట్టినరోజు కదా! మేమూ తిరిగాం, మేమూ తీసుకున్నాం. ఒక్క సెక్షన్‌లో నలభై మందికి పైగా ఉంటే ఏడాదికి ఎన్ని చాక్లెట్లవుతాయో లెక్క వేయడానికి కాగితం కూడా అక్కర్లేదు.

మేము మోవాలో ఉండే తెలుగు పిల్లలం, నలుగురం. రాయ్‌పూర్ రాకముందు ఒకరు ఖరగ్‌పూర్, ఒకరు నాగ్‌పూర్, ఒకరు విశాఖపట్నం, ఒకరు సికింద్రాబాద్. పంచదార గురించి పెద్దలు చాలా చెబుతారు కానీ, బదిలీ అయ్యే ఇళ్ళలో అది ఎలా వస్తుందో ఎవరూ రాయలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాం.

బదిలీ ఆర్డరు వచ్చిన రోజు నుంచీ చూడండి. గిన్నెలు గోనెసంచుల్లోకి వెళ్ళిపోతాయి, పొయ్యి మూటలోకి వెళ్తుంది. వీడ్కోలుకు స్వీటు పెట్టె, కొత్త ఊళ్ళో పలకరింపుకు ఇంకో స్వీటు పెట్టె. క్వార్టర్ దొరికి, గ్యాస్ వచ్చేదాకా బ్రెడ్డూ జామూ, బిస్కెట్లూ, చల్లగా ఏదో ఒక సీసా. కొత్త ఊళ్ళో భాష రాదు. ఫలానా కూర కావాలని అడగాలంటే దాని పేరు తెలియాలి. బిస్కెట్ ప్యాకెట్టుకు ఆ ఇబ్బంది లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఊరు మారుతుంది, బడి మారుతుంది, స్నేహితులు మారతారు, ఆ ప్యాకెట్టు మాత్రం ఖరగ్‌పూర్‌లో ఎలా ఉందో మోవాలోనూ అలాగే ఉంటుంది. మొదటి నెలల్లో సాయంత్రం ఆడుకోవడానికి పిలిచేవాళ్ళుండరు. ఇంట్లో ఫోనూ, పక్కన ప్యాకెట్టూ. మా నలుగురిలో ముగ్గురం ఒళ్ళు చేసింది అలా బదిలీ అయిన ఏడాదిలోనే. పాత ఫోటోలు ముందేసుకుని చూసుకున్నాక తెలిసింది.

ఇక అంకెలు. సీబీఎస్ఈ సర్క్యులర్ ప్రకారం 4 నుంచి 10 ఏళ్ళ పిల్లలు రోజూ తీసుకునే కేలరీల్లో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 15 శాతం పంచదార నుంచే వస్తోంది. ఉండాల్సింది 5 శాతం. రోజుకు 2000 కేలరీలు అనుకుంటే 5 శాతం అంటే 25 గ్రాములు, అయిదు చెంచాలు. 15 శాతం అంటే పదిహేను చెంచాలు! ఎదురుగా గిన్నెలో పోసి తినమంటే ఎవరమూ తినలేం. కానీ కూల్ డ్రింకులో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైనే ఉంటుంది, కాబట్టి 250 మిల్లీలీటర్ల చిన్న సీసాతోనే ఆ రోజు కోటా అయిపోతుంది. అదీగాక తాగిన తీపి కడుపు నింపదు, గంటకే మళ్ళీ ఆకలి వేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో 2.1 శాతం ఉంటే 2019-21కి 3.4 శాతమయ్యారు. వాళ్ళు మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. ఒకప్పుడు పెద్దవాళ్ళకే వచ్చే టైప్ 2 మధుమేహం పిల్లల్లో కూడా కనిపిస్తోందనే కదా ఈ బోర్డులు పెట్టమన్నది.

అమ్మమ్మ సెలవుల్లో తెచ్చే కాజాల మీదా పూతరేకుల మీదా మాకు కోపం లేదు. అవి ఏడాదికి రెండుసార్లు వస్తాయి, నాలుగు రోజుల్లో అయిపోతాయి. రోజూ వచ్చేవాటితోనే ఇబ్బంది. పొద్దున పాలలో కలిపే పొడి, టీలో రెండు చెంచాలు, జాము, సాస్, పండ్ల రసం అని బొమ్మ వేసిన డబ్బా. బోర్న్‌విటా లాంటి పొడులను హెల్త్ డ్రింకులన్న వర్గం కింద పెట్టొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే మా అమ్మలు నమ్మలేదు. ప్యాకెట్టు వెనక చూపించాం. అక్కడ దినుసులు బరువును బట్టి వరసలో ఉంటాయి, ఎక్కువున్నది ముందు. పంచదార రెండోదో మూడోదో అయితే ఆలోచించాలి. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని ఉన్నా అది పంచదార చుట్టమే. బెల్లం మంచిదే కదా అంటారు మా నాన్నల్లో ఒకరు. బెల్లంలోనూ ఎక్కువభాగం పంచదారే నాన్నా!

రాయ్‌పూర్ మాకొక సంగతి చూపించింది. ఇక్కడివాళ్ళు రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉల్లిపాయతో తింటారు, బోరే బాసీ అంటారు. అది మన చద్దన్నమే! మే నెల ఎండలో సీసా తాగినవాడికంటే అది తిన్నవాడే హాయిగా ఉంటాడు. బియ్యప్పిండితో పోసే చీలా మన అట్టుకు చెల్లెలు, ఆవిరి మీద ఉడికించే ఫరాలో తీపే వేయరు. కానీ కొత్తగా వచ్చిన మాకు ఇవి ఎవరు చెబుతారు? మొదట తెలిసింది పోహాతో పాటు వచ్చే జిలేబీ! పక్కింటి ఆంటీ పిలిచి పెట్టేదాకా, అంటే వచ్చిన ఏడాది తర్వాతగానీ, చీలా రుచి మాకు తెలియలేదు.

ఇప్పుడు రాయడానికి సిగ్గనిపించే మాట. పోయిన ఏడాది వేరే రాష్ట్రం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కాస్త లావు. మూడో రోజుకే వాడి పేరు పోయి "మోటూ" మిగిలింది. పీటీ పీరియడ్‌లో పరుగు పెట్టమంటే అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కొన్నాళ్ళకు వాడు ఆ పీరియడ్‌లో కడుపునొప్పని క్లాసులోనే కూర్చునేవాడు, కూర్చుని తినేవాడు. వాణ్ణి లావు చేసింది పంచదారే అనుకుందాం, మైదానం నుంచి పంపేసింది మాత్రం మేమే. ఆటల్లోకి పిలవాల్సినవాళ్ళం, ముఖ్యంగా ఊరు మారడమంటే ఏమిటో తెలిసినవాళ్ళం. వాడు మళ్ళీ బదిలీ అయి వెళ్ళిపోయాడు. సారీ చెప్పలేదు.

అందుకే బోర్డుతో పాటు ఇంకొన్ని కావాలంటున్నాం. గేమ్స్ పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో తీసుకోకూడదు. మాలో ఒకరు ఇంతకుముందు చదివిన బడిలో నెలకోసారైనా అది దక్కేది కాదు. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి వారం ఒక ఆట జట్టు చూపించాలి. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వూ ఉప్పూ పంచదారా ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది, మంచిదే. అయితే 51వ మీటరు దగ్గర బండి పెడితే నడిచి వెళ్ళడానికి మన కాళ్ళున్నాయి, అది మనమే చూసుకోవాలి. పుట్టినరోజు చాక్లెట్లను మానేయమంటే చిన్నక్లాసుల వాళ్ళు ఏడుస్తారు, నిజమే. కాబట్టి ముందు పెద్ద క్లాసులవాళ్ళం మానేద్దాం అన్నది మా మాట.

మాలో ఒకరి పుట్టినరోజు డిసెంబరులో వస్తోంది. అప్పటికి జామకాయలు బాగా దొరుకుతాయి. సెక్షన్ మొత్తానికి తలా ఒకటి అంటే ఎన్ని కిలోలవుతాయో మోవా బజారులో అడిగి వచ్చాం. చాక్లెట్లకంటే మరీ ఎక్కువేం కాలేదు. కోసి పంచాలా, కాయలుగానే ఇవ్వాలా అన్న దగ్గర ఆగాం. ఉప్పూ కారం పొట్లాలు కూడా నన్నే కట్టమంటారా అని వాళ్ళమ్మ అడుగుతున్నారు.