శిక్షణలు చాలు, శిష్యరికానికి రండి!

డిజైన్ చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్లను కొండెక్కించి పంపేవాళ్లకు:

మొన్న అరకు కొండల్లో మా ఊళ్లో పది రోజుల నైపుణ్య శిక్షణ ముగిసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ బుట్టలు అల్లుతున్న పెద్దాయనకు బుట్ట అల్లడం నేర్పారట! ఆఖరి రోజు చేతిలో హాజరు పత్రం పెట్టి ఫొటో దిగారు. ఆయన అల్లిన దీపం బుట్ట మాత్రం కేటలాగుకెక్కింది. కింద రూపకర్తగా శిక్షకుడి పేరు. అల్లిన చేతికి పేరే లేదు.

నేనూ పట్నంలో డిజైన్ కొలువు వదిలి ఈ పనిలోకి వచ్చినదాన్నే. బొమ్మ గీయడం చదువు నేర్పింది. వెదురును నేర్పింది ఆ పెద్దాయన. లేత బొంగు ఎండితే ముడుచుకుపోతుంది. మూడేళ్లు ముదిరినదాన్ని, అదీ వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టాలి. లేకుంటే లోపలి పిండికి పురుగు చేరి బుట్ట పొడి రాలుస్తుంది. పైతొక్కతో తీసిన బద్ద గట్టిది, అడుక్కూ అంచుకూ అదే కావాలి. కత్తి గణుపు దాటేటప్పుడు మణికట్టు ఎంత తిప్పాలో ఏ తెర మీదా కనపడదు. ఇదంతా పది రోజుల్లో పట్టుబడుతుందా?

కొండ దిగితే ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. రసాయన రంగులు వచ్చిపడ్డాక సి.వి. రాజుగారు ఊళ్లోనే ఉండి, వేళ్లు, బెరడు, ఆకులు, గింజల నుంచి రంగులు తీసి, దశాబ్దాల పాటు పనివాళ్లతో కలిసి నడిచారు. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. నిలబడినవాళ్ల పని అలా ఉంటుంది!

ఇక అసలు దోపిడీ సంగతి. 1882 మద్రాసు అటవీ చట్టం కొండవాళ్లను అడవికి పరాయివాళ్లను చేసింది. 1927 భారత అటవీ చట్టం గడ్డిజాతి వెదురును చెట్టు అంది. బుట్టకు ఒక బొంగు కొడితే దొంగతనమైంది, కాగితపు మిల్లుకు లారీలకొద్దీ పోతే సర్కారుకు రాబడైంది! 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి హక్కు మనదంది. మరి బొంగు కొట్టడానికి ఇంకా ఎందుకు భయపడుతున్నాం? చేతికి పదార్థమే అందనివ్వకుండా నైపుణ్యం పెంచుతామంటే ఎవరు నమ్మాలి?

‘మేం రాకపోతే మార్కెట్ ఎలా?’ అంటారు మీరు. మీ కేటలాగు పుట్టకముందు నుంచీ మా చేటలు సంతలో అమ్ముడుపోతూనే ఉన్నాయి.

వస్తే రెండేళ్లు ఉండేలా రండి. బద్ద చీల్చడం దగ్గర మొదలుపెట్టండి. శిక్షకుడికిచ్చే భత్యం ఇకపై గురువుకు దక్కాలి. వస్తువు మీద అల్లినవారి పేరు ముందుండాలి. 2015 నుంచి మన రాష్ట్రంలో జాతీయ డిజైన్ సంస్థ ఉంది. అక్కడి చదువులో ఒక ఏడాది ఇలాంటి శిష్యరికం కావాలి. ప్రభుత్వం సామూహిక అటవీ హక్కు పత్రాలు ఊరూరా ఇవ్వాలి. ఇవి తేలేదాకా ఏ శిక్షణకూ ఒప్పుకోబోమని ప్రతి గ్రామసభా తీర్మానం రాయాలి. మన ఊళ్లవాళ్లారా, వచ్చే గ్రామసభకు ఇంటింటి నుంచీ కదలండి!